క్లియరెన్స్ ఫారంలో గంజాయి సంగతి రాయాలా, వద్దా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీవాడికి 24 ఏళ్లు. మేరీల్యాండ్‌లో కంప్యూటర్ సైన్స్ చదివాడు. డిఫెన్స్ కాంట్రాక్టరు దగ్గర మంచి ఆఫర్ వచ్చింది, సీక్రెట్ క్లియరెన్స్, అంటే ప్రభుత్వ రహస్యాలు చూసేందుకు ఇచ్చే అనుమతి, తెచ్చుకోవాలన్నారు. అందుకు పెట్టే ఎస్‌ఎఫ్-86 ఫారం నింపుతూ ఇంట్లో మొదటిసారి నోరు విప్పాడు. కాలేజీ రోజుల్లో నెలకి ఒకటి రెండుసార్లు గంజాయి తాగేవాడట. ఆఖరిసారి ఎనిమిది నెలల కిందట, డెన్వర్‌లో స్నేహితుడి బ్యాచిలర్ పార్టీలో గంజాయి కలిపిన గమ్మీ మిఠాయి తిన్నాడట. మీరేమో "పోలీసు కేసు లేదు, ఎక్కడా రికార్డు లేదు, కొలరాడోలో అది చట్టబద్ధం కూడా, అందుకని 'నో' అని పెట్టేయమన్నాను, తప్పేమైనా చెప్పానా?" అని అడిగారు.

తప్పే చెప్పారండీ. ముందు ఫోన్ చేసి ఆ మాట వెనక్కి తీసుకోండి. మిగతాది తర్వాత తీరిగ్గా చదువుకోవచ్చు.

నా సంగతి రెండు ముక్కల్లో. నార్తర్న్ వర్జీనియాలో చిన్నాపెద్దా కాంట్రాక్టు కంపెనీల్లో పదిహేడేళ్లు ఎఫ్‌ఎస్‌ఓగా, అంటే ఫెసిలిటీ సెక్యూరిటీ ఆఫీసరుగా చేశాను. గేటు దగ్గర కర్ర పట్టుకుని నిలబడే పని కాదు (మా అత్తగారు చాలాకాలం అలాగే అనుకున్నారు). ఉద్యోగుల క్లియరెన్స్ కాగితాలు వెళ్లేదీ, ప్రభుత్వం నుంచి ఉత్తరాలు వచ్చేదీ ఆ టేబుల్ మీదుగానే. క్లియరెన్స్ ఇచ్చే అధికారం నాకెప్పుడూ లేదు. లాయర్నీ కాను. కానీ ఎవరికి వచ్చింది, ఎవరికి రాలేదు, ఎందుకు రాలేదు అన్నది దగ్గర్నుంచి చూశాను.

ముందు "కొలరాడోలో చట్టబద్ధం" అన్న మాట పక్కన పెడదాం. కొలరాడో, వాషింగ్టన్ రాష్ట్రాలు 2012లో ఓటు వేసి అనుమతించాయి. ఆ తర్వాత చాలా రాష్ట్రాలు అదే దారి పట్టాయి. మనం ఉండే వర్జీనియాలో 2021 నుంచి, మేరీల్యాండ్‌లో 2023 జులై నుంచి పెద్దవాళ్లు కొద్ది మొత్తంలో దగ్గర ఉంచుకోవచ్చు. కానీ క్లియరెన్స్ ఇచ్చేది రాష్ట్రం కాదు, ఫెడరల్ ప్రభుత్వం. వాళ్ల 1970 నాటి కంట్రోల్డ్ సబ్‌స్టెన్సెస్ చట్టంలో గంజాయిని హెరాయిన్ పక్కన, ఒకటో షెడ్యూల్లో పెట్టారు. దాన్ని మూడో షెడ్యూల్‌కి దించుదామని 2024 మేలో న్యాయశాఖ ప్రతిపాదన పెట్టింది. అయినా మూడో షెడ్యూల్ మందునైనా డాక్టరు చీటీ లేకుండా వాడితే అది అక్రమ వాడకమే కాబట్టి, ఆ వార్తలు చూసి ధైర్యం తెచ్చుకోవద్దు. రాష్ట్రం ఇచ్చే మెడికల్ కార్డు కూడా ఇక్కడ పనికిరాదు. ఫారంలో 23వ సెక్షన్ మొదట్లోనే స్పష్టంగా రాసుంటుంది: రాష్ట్ర చట్టం ఒప్పుకున్నా సరే, ఫెడరల్ చట్టం ప్రకారమే జవాబు చెప్పాలని. 2014 అక్టోబరులో అప్పటి నేషనల్ ఇంటెలిజెన్స్ డైరెక్టర్ జేమ్స్ క్లాపర్ ఇదే విషయం అన్ని శాఖలకీ లేఖ రాసి మరీ చెప్పారు.

ఇక భయం సంగతి. "రాస్తే క్లియరెన్స్ పోతుంది" అనేది మీ భయం. ఇక్కడ ఇప్పుడు వాడేవాడికీ, ఒకప్పుడు వాడినవాడికీ మధ్య చట్టమే గీత గీసింది. 2008 నుంచి అమల్లో ఉన్న బాండ్ సవరణ ప్రకారం, ప్రస్తుతం మత్తుపదార్థాలు అక్రమంగా వాడుతున్నవాళ్లకి, వాటికి బానిసైనవాళ్లకి ఏ శాఖా క్లియరెన్స్ ఇవ్వకూడదు. ఒకప్పుడు వాడి మానేసినవాళ్లకి అలాంటి నిషేధం లేదు. వాళ్ల సంగతి తూచి చూస్తారు. ఆ తూకానికి రాళ్లు 2017 జూన్ నుంచి అమల్లో ఉన్న సీడ్-4 అనే ఆదేశంలో ఉన్నాయి. మొత్తం పదమూడు మార్గదర్శకాలు, ఏ నుంచి ఎం దాకా. మత్తుపదార్థాలది హెచ్. నిజాయితీ, నడవడిక సంగతి ఇ. ఈ రెండక్షరాలూ గుర్తుపెట్టుకోండి, మీవాడి కథంతా వీటి మధ్యే నడుస్తుంది.

హెచ్‌లో తప్పులతో పాటు ఆ తప్పుల్ని తేలిక చేసే పరిస్థితులు కూడా రాసిపెట్టారు. ఎప్పుడో జరిగిందా, అరుదుగా జరిగిందా, మళ్లీ జరిగే అవకాశం లేని పరిస్థితుల్లో జరిగిందా? చేసినదాన్ని ఒప్పుకుని, వాడే స్నేహితులకి దూరంగా జరిగి, వాడే చోట్లు మానేసి, కొంతకాలంగా శుభ్రంగా ఉన్నాడా? "ఇకపై ముట్టను, ముట్టితే నా క్లియరెన్స్ రద్దు చేయవచ్చు" అని సంతకం పెట్టిన కాగితం ఇచ్చాడా? ఇలాంటివి అతని పక్షాన నిలబడతాయి. 2021 డిసెంబరులో అప్పటి నేషనల్ ఇంటెలిజెన్స్ డైరెక్టర్ ఎవ్రిల్ హెయిన్స్ ఇచ్చిన వివరణలో, గతంలో సరదాగా గంజాయి వాడటం లెక్కలోకి వస్తుంది గానీ అదొక్కటే ఫలితాన్ని తేల్చేయకూడదని చెప్పారు. అదే కాగితంలో ఇంకో మాట ఉంది, మీవాడికి అది అతిముఖ్యం. పరిశీలన మొదలయ్యాక ఇక గంజాయి ముట్టవద్దని అభ్యర్థులకి ముందే చెప్పమన్నారు. పరిశీలన మొదలయ్యేది ఎప్పుడంటే, ఎస్‌ఎఫ్-86 మీద సంతకం పెట్టిన క్షణం. ఆ తర్వాత ఒక్క దమ్ము కొట్టినా, ఒక్క గమ్మీ తిన్నా, దానికి కుర్రతనం అనే సాకు ఉండదు.

మరి ఎనిమిది నెలల ఎడం సరిపోతుందా? "ఇన్ని నెలలు దాటితే చాలు" అన్న గీత ఆ ఆదేశంలో లేదు. క్లియరెన్స్ కేసుల మీద అప్పీళ్లు వినే బోర్డు తీర్పుల్లో పదేపదే వచ్చే మాట కూడా అదే, మొత్తం పరిస్థితి చూసి తేల్చాలని. ఎఫ్‌బీఐలాంటి కొన్ని శాఖలు ఉద్యోగానికి తమ గీత తాము గీసుకున్నాయి. వాళ్లు ఒకప్పుడు మూడేళ్లు దూరంగా ఉండాలనేవారు, 2021లో దాన్ని ఏడాదికి తగ్గించారు. 2014లో అప్పటి ఎఫ్‌బీఐ డైరెక్టర్ జేమ్స్ కోమీ, సైబర్ నేరగాళ్లని పట్టడానికి మెరికల్లాంటి కుర్రాళ్లు కావాలి, వాళ్లలో కొందరేమో ఇంటర్వ్యూకి వచ్చే దారిలోనే గంజాయి తాగాలనుకుంటారు అని నవ్వులాటగా అని, తర్వాత కాంగ్రెస్‌లో ఒక సెనేటరు చేత అక్షింతలు వేయించుకున్నారు. నవ్వులాటే అయినా ప్రభుత్వానికున్న ఇబ్బంది అందులో ఉంది. ఈ తరంలో ఎప్పుడూ ముట్టనివాళ్లనే తీసుకుంటామంటే కుర్చీలు ఖాళీగా ఉంటాయి.

నేను చూసినంతలో చెప్తాను, దీన్ని రూలుగా తీసుకోకండి. కాలేజీలో ఎప్పుడో అప్పుడప్పుడూ తాగి, ఏడాది దాటినవాళ్లకి ఫారంలో సరిగ్గా రాస్తే పెద్దగా ఇబ్బంది రాలేదు. ఆర్నెల్ల లోపు వాడినవాళ్లకి ఆలస్యమో, ప్రశ్నలో తప్పలేదు. మీవాడు మధ్యలో ఉన్నాడు. పైగా అతనికి రెండు రకాల వాడకం ఉంది. కాలేజీ అలవాటు ఒకటి, ఉద్యోగం వయసొచ్చాక డెన్వర్‌లో తిన్నది ఒకటి. చూసేవాళ్లు రెండోదాని దగ్గరే ఆగుతారు. "కాలేజీ అయిపోయింది, ఇంక మానేశా" అన్న కథకి ఆ గమ్మీ అడ్డం వస్తుంది కదా. కాబట్టి జాయినింగ్ ముందు వచ్చే తాత్కాలిక క్లియరెన్స్, ఇంటెరిమ్ అంటారు, రాకపోవచ్చు. ఇంటెరిమ్ రాలేదంటే తిరస్కరించారని కాదు, పూర్తిగా చూసి చెప్తామని అర్థం. ఆ నెలల్లో ఇంట్లో ఏడుపులు పెట్టుకోవద్దు. ఎడం పెరిగేకొద్దీ కేసు అతని వైపే మొగ్గుతుంది.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. 'నో' అని పెడితే ఏమవుతుంది?

పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టే. రికార్డు లేదని మీరంటున్నారు. రికార్డంటే పోలీసు రికార్డొక్కటే కాదు, మనుషులు కూడా రికార్డే. మా దగ్గరికి ఓ కుర్రాడు వచ్చాడు, మనవాడే, మంచి తెలివైనవాడు. ఫారంలో మత్తు సంగతి అన్నిటికీ 'నో'. కాలేజీలో ఒకే అపార్ట్‌మెంట్లో అతనితో ఉన్న ఇంకో ఇద్దరూ ఇక్కడే, ఇవే ఉద్యోగాలకి వెళ్లారు. డీసీ చుట్టుపక్కల ఇది మామూలే, ఒక వాటాలో ముగ్గురుంటే ముగ్గురికీ క్లియరెన్స్ కావాల్సిందే. అందులో ఒకతను నిజం రాశాడు. ఎక్కడ తాగావు, ఎవరెవరున్నారు అని ఇన్వెస్టిగేటర్ అడిగితే చెప్పాడు. అంతే. ఒకడి నిజం ఇంకొకడి అబద్ధాన్ని బయటపెట్టింది. నిజం చెప్పినవాడికి కొన్ని నెలల తర్వాత క్లియరెన్స్ వచ్చింది, దాచినవాడికి రాలేదు. ఇద్దరూ తాగింది ఒకే సరుకు, ఒకే బాల్కనీలో.

రెండోవాడికి రాకపోవడానికి కారణం హెచ్ కాదు, ఇ. గంజాయి విషయంలో కాలం గడిస్తే మరక మాసిపోతుంది. అబద్ధం అలా మాయదు. వాళ్లు వెతికేది రహస్యం అప్పజెప్పదగ్గ మనిషి కోసం. తనకి ఇబ్బంది కలిగించే సంగతి వస్తే ప్రభుత్వానికి అబద్ధం చెప్తాడని తేలినవాడికి ఏ రహస్యం ఇస్తారు? పైగా ఆ ఫారంలో తెలిసి అబద్ధం రాయడం ఫెడరల్ నేరం, అయిదేళ్ల దాకా జైలు ఉంది. నిజం రాస్తే ఏ నేరమూ మీద పడదు. 23వ సెక్షన్లోనే రాసి ఉంటుంది, ఇక్కడ నిజాయితీగా ఇచ్చిన జవాబుని క్రిమినల్ కేసులో మీమీద సాక్ష్యంగా వాడము అని. అంటే నిజం చెప్పినవాడికి గొడుగు పట్టారు, అబద్ధమాడినవాడికి జైలు చూపించారు. మీరేమో మీవాడిని గొడుగు వదిలేసి వానలోకి వెళ్లమంటున్నారు.

"మా నాన్న రాయొద్దన్నాడు" అన్నది కూడా అక్కడ చెల్లదు. ఇ మార్గదర్శకంలో ఒక వెసులుబాటు ఉంది: లాయరు గానీ, ఈ ప్రక్రియలో సలహా ఇవ్వడమే వృత్తిగా ఉన్న మనిషి గానీ తప్పు సలహా ఇచ్చినందువల్ల వదిలేశానంటే వింటారు. తండ్రి, బాబాయి, వాట్సాప్ గ్రూపు ఆ లెక్కలోకి రారు. ఇప్పటికే 'నో' పెట్టి పంపేసినవాళ్లెవరైనా ఇది చదువుతుంటే, వాళ్లు అడిగేలోపే మీరే వెళ్లి సరిదిద్దండి. ఎవరూ ముందు పెట్టి నిలదీయకముందే, మనంతట మనం, ఆలస్యం చేయకుండా దిద్దుకుంటే దాన్ని మంచి మనసుతో చేసిందిగా తీసుకుంటారు. నిలదీశాక ఒప్పుకోవడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

ఇక ఎలా రాయాలి. ఇక్కడ కుర్రాళ్లు చేసే పొరపాట్లు ఎన్నో చూశాను, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

ప్రశ్న గత ఏడేళ్ల గురించి. అంతకుముందు హైస్కూల్లో ఎవరో ఇచ్చిన దమ్ముని, ఏడేళ్ల అవతలైతే, ఫారంలో తవ్విపోసుకోవాల్సిన పని లేదు. అడిగిన ప్రశ్నకి పూర్తి జవాబు, అడగనిదానికి ఉపన్యాసం వద్దు. కానీ ఇన్వెస్టిగేటర్ ఎదురుగా కూర్చుని "మొదటిసారి ఎప్పుడు?" అని నేరుగా అడిగితే అప్పుడు నిజమే చెప్పాలి. ఒక్క మినహాయింపు ఉంది. క్లియరెన్స్ చేతిలో ఉండగా ఎప్పుడైనా వాడావా అన్న ప్రశ్నకి ఏడేళ్ల హద్దు లేదు, జీవితకాలమంతా లెక్కే.

సెక్షన్లో వాడకం ఒక ప్రశ్న, కొనడం, పండించడం, చేతులు మార్చడం, అమ్మడం వేరే ప్రశ్న. మొదటిదానికి 'ఎస్' పెట్టి రెండోదానికి 'నో' పెడతారు, డిస్పెన్సరీలో, అంటే గంజాయి అమ్మే దుకాణంలో, సొంత డబ్బుతో కొనుక్కుని కూడా! డెన్వర్‌లో గమ్మీ డబ్బా ఎవరు కొన్నారు? నలుగురూ తలా ఇరవై డాలర్లు వేసుకున్నారా? వేసుకుంటే అది కొనడమే, రాయాలి. తను కొన్న డబ్బాలోంచి స్నేహితుడికి ఒకటిచ్చినా చేతులు మార్చినట్టే. చెప్పడానికి చిన్న విషయమే గానీ, ఇంటర్వ్యూలో ఇన్వెస్టిగేటర్ "మరి ఎవరు కొన్నారు?" అనగానే కుర్రాడి ముఖం పాలిపోతుంది. అప్పటిదాకా చెప్పిన నిజానికి కూడా విలువ తగ్గుతుంది.

తేదీలు గుర్తుండవు. ఫారంలో 'సుమారు' అని గుర్తు పెట్టే గడి ఉంటుంది, వాడుకోవచ్చు. "రెండు మూడు సార్లు" అని తగ్గించి రాయడం అందరూ చేసే పని. నెలకి ఒకటి రెండుసార్లు, మూడేళ్ల పాటు అంటే ముప్పై నలభై దాటుతుంది. అదే రాయమనండి. తర్వాత ఎప్పుడైనా పై స్థాయి ఉద్యోగంలో పాలిగ్రాఫ్ (అబద్ధాలు పట్టే యంత్రంతో చేసే పరీక్ష) వస్తే ఈ అంకెలే తేడా కొడతాయి. ఫారంలో మూడు, అక్కడ నలభై. అప్పుడు గంజాయి గొడవ కాదు, మళ్లీ అబద్ధం గొడవే.

వివరణ రాసే ఖాళీలో నాలుగు వాక్యాలు చాలు. ఎప్పటి నుంచి ఎప్పటి దాకా, సుమారు ఎన్నిసార్లు, ఎలాంటి సందర్భాల్లో, ఆఖరిసారి ఎప్పుడు, ఎక్కడ, ఎవరు కొన్నారు. మత్తులో బండి నడపలేదు, చదువు పాడవలేదు అన్నది నిజమైతే ఒక వాక్యం. ఇకపై వాడే ఉద్దేశం లేదు అని ఒక వాక్యం. అంతేగానీ అమెరికాలో కుర్రాళ్లందరూ వాడతారు, మద్యం కన్నా మంచిదే, చట్టమే తప్పు అని వాదన పెట్టొద్దు. చట్టం తప్పో ఒప్పో నాక్కూడా నా అభిప్రాయం ఉంది, అది ఇక్కడ రాయను, మీవాడూ అక్కడ రాయొద్దు. అసలు ప్రమాదకరమైన వాక్యం ఇంకొకటుంది: "ఫెడరల్‌గా కూడా చట్టబద్ధమైతే మళ్లీ వాడొచ్చేమో." నిజాయితీగా చెప్పాననుకుంటాడు. ఇకపై వాడే ఉద్దేశం వ్యక్తం చేయడం హెచ్ కింద ప్రత్యేకంగా ఒక తప్పు. ఫారంలో "ముందు ముందు వాడతావా?" అని అడిగేది అందుకే.

స్నేహితుల సంగతి కూడా ముందే తేల్చుకోమనండి. అదే బ్యాచ్‌తో మళ్లీ అలాంటి ట్రిప్పు ప్లాన్ ఉంటే వెళ్లకపోవడమే మంచిది. రూమ్మేట్ ఇంట్లోనే తాగుతుంటే ఇల్లు మారితే మేలు. స్నేహం తెంచుకోమని కాదు. "నేను లేనప్పుడు మీ ఇష్టం" అని చెప్పగలగాలి, ఆ తర్వాత ఇన్వెస్టిగేటర్ అడిగితే ఆ మాటే చెప్పగలగాలి.

గంజాయి జాతి మొక్క నుంచే తీసే సీబీడీ నూనెలు, హెంప్ గమ్మీలు కూడా ఇదే లెక్కలో ఆపేయాలి. 2018 వ్యవసాయ చట్టం 0.3 శాతం లోపు టీహెచ్‌సీ (మత్తెక్కించే పదార్థం) ఉన్న హెంప్‌ని గంజాయి జాబితాలోంచి తీసేసింది నిజమే. కానీ డబ్బా మీద ఒక అంకె, లోపల ఇంకో అంకె ఉన్న సరుకు మార్కెట్లో చాలా ఉంది. మూత్ర పరీక్షలో పాజిటివ్ వస్తే "డబ్బా మీద అలా లేదండీ" అన్నది గెలిచే వాదన కాదు. గంజాయి కంపెనీల షేర్లు తెలిసి, నేరుగా కొనడం కూడా విచక్షణ లోపంగా చూడొచ్చని హెయిన్స్ వివరణలో ఉంది. మ్యూచువల్ ఫండ్‌లో కలిసి ఉంటే ఫర్వాలేదు. రాబిన్‌హుడ్‌లాంటి షేర్ల యాప్‌లో ఆడుకునే కుర్రాళ్లకి ఇది తెలియదు, మీవాడిని ఒకసారి చూసుకోమనండి.

ఇప్పుడు మన తెలుగువాళ్లు ప్రత్యేకంగా జాగ్రత్తపడాల్సిన చోటికొద్దాం. దీనిమీద ఇంగ్లీషులో రాసేవాళ్లు ఎక్కువగా ఇక్కడే పుట్టిన వాళ్లని దృష్టిలో పెట్టుకుని రాస్తారు, అందుకే ఈ మెలిక వాళ్లకి తట్టదు.

క్లియరెన్స్‌కి సిటిజన్ అయి ఉండాలి. గ్రీన్ కార్డు చాలదు. సొంతంగా అప్లై చేసుకునేదీ కాదు, కంపెనీయో ప్రభుత్వ శాఖో పంపాలి. హెచ్-1 మీదో, గ్రీన్ కార్డు మీదో ప్రభుత్వ ప్రాజెక్టుల్లో చేసేవాళ్లకి 'పబ్లిక్ ట్రస్ట్' అనే తనిఖీ ఒకటుంటుంది, చాలామంది దాన్నే క్లియరెన్స్ అనుకుంటారు. అది వేరు, దాని ఫారాలూ వేరు.

అసలు మెలిక సిటిజన్‌షిప్ తెచ్చుకునే ముందు వాడినవాళ్లకి. పౌరుడు కానివాడికి గంజాయి ఒప్పుకోలు చాలా ఖరీదైనది. అరెస్టు, శిక్ష ఏమీ లేకపోయినా, నేరం తాలూకు పని చేశానని ఒప్పుకుంటే చాలు, వీసా, గ్రీన్ కార్డు ఆగిపోవచ్చు. రాష్ట్రంలో చట్టబద్ధమైనా సరే, అది సిటిజన్‌షిప్‌కి కావాల్సిన సత్ప్రవర్తనకి అడ్డు రావచ్చని 2019 ఏప్రిల్‌లో ఇమిగ్రేషన్ శాఖ రాతపూర్వకంగా చెప్పింది. సిటిజన్‌షిప్‌కి పెట్టే ఎన్-400 ఫారంలో "అరెస్టు కాకపోయినా ఏదైనా నేరం చేశావా?" అన్న ప్రశ్న ఉంటుంది. దానికి మనవాళ్లందరూ అలవాటుగా 'నో' కొట్టేస్తారు. ఇప్పుడు అదే మనిషి నాలుగేళ్ల తర్వాత ఎస్‌ఎఫ్-86లో "గ్రీన్ కార్డు రోజుల్లో కాలిఫోర్నియాలో వాడాను" అని రాశాడనుకోండి. రెండు ఫారాలూ ఒకే ప్రభుత్వం దగ్గర ఉంటాయి. నేను పైన చెప్పిన గొడుగు క్రిమినల్ కేసులకే, సిటిజన్‌షిప్ వ్యవహారాలకి కాదు. ఇలాంటివాళ్లు ఏ ఫారమూ ముట్టుకోకముందు ఇమిగ్రేషన్, క్లియరెన్స్ రెండూ తెలిసిన లాయరుకి డబ్బు కట్టాలి. ఉచిత సలహాతో, నా సలహాతో సహా, ముందుకెళ్లే కేసు కాదది. అబద్ధం ఆడమని చెప్పట్లేదు. ఆ ఉద్యోగానికి అసలు వెళ్లాలా అన్నది కూడా ఆలోచించాల్సిన ప్రశ్నే అంటున్నాను.

మీవాడికి ఈ చిక్కు లేదు. మీరు రాసినదాన్ని బట్టి, మీకు సిటిజన్‌షిప్ వచ్చేనాటికి అతనికి 16, గ్రీన్ కార్డుతో మీ దగ్గరే ఉన్నాడు. అంటే 2001 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం మీతోపాటే ఆటోమేటిక్‌గా సిటిజన్ అయ్యాడు. ఎన్-400 మీద తను సంతకం పెట్టనే లేదు. కాలేజీ సంగతులన్నీ ఆ తర్వాతివే.

ఇండియాలో వాడినది లెక్కకొస్తుందా అని తరచూ అడుగుతుంటారు. బేగంబజారులో హోళీ నాడు భంగు తాగిన సంగతి, గోవా ట్రిప్పు సంగతి. మన ఎన్‌డీపీఎస్ చట్టం, 1985 నాటిది, గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొమ్మలనే నిర్వచించి, వట్టి ఆకుని వదిలేసింది. భంగు అందుకే కొన్నిచోట్ల దుకాణంలో దొరుకుతుంది. కానీ ఎస్‌ఎఫ్-86 చదివేవాళ్లు ఫెడరల్ చట్టం కళ్లద్దాలతో చూస్తారు, వాళ్లకి ఆకైనా పువ్వైనా గంజాయే. ఏడేళ్ల లోపుదైతే, "పండగ నాడు, ఆచారంగా, ఒక గ్లాసు, ఆ ఊళ్లో చట్టం అనుమతించింది" అని ఉన్నదున్నట్టు రాయడం నా మాట. కెనడా ట్రిప్పులో తిన్నదానికీ అదే మాట. అలా రాసినందుకు నష్టపోయినవాళ్లని నేను చూడలేదు.

నిజం చెప్పాలంటే, మన కుటుంబాల ఫారాల్లో ఎక్కువ ప్రశ్నలు తెచ్చేది గంజాయి కాదు. ఇండియాలో బంధువులు, ఇండియాలో ఆస్తులు. వారం వారం వీడియో కాల్ చేసే అమ్మమ్మ కూడా విదేశీ పరిచయం కిందకి వస్తుంది. ఆవిడ పుట్టినతేదీ ఆధార్‌లో ఒకటి, అసలుది తిథి ప్రకారం ఇంకొకటి. శంకర్‌పల్లి దగ్గర పదేళ్ల కిందట మీరు అబ్బాయి పేరు మీద రిజిస్టర్ చేయించిన ప్లాటు ఏదైనా ఉంటే, ఇప్పుడైనా అతనికి చెప్పండి. ఫారంలో విదేశీ ఆస్తుల గురించి అడుగుతారు. తనకే తెలియని ప్లాటు గురించి ఇన్వెస్టిగేటర్ అడిగితే పాపం ఏం చెప్తాడు?

ఇప్పటికే క్లియరెన్స్ ఉన్నవాళ్లకి ఒక్క మాట. మీ విషయం వేరు. చేతిలో క్లియరెన్స్ ఉండగా వెకేషన్‌లో ఒక్క గమ్మీ తిన్నా అది కుర్రతనం ఖాతాలోకి రాదు, మాట తప్పడం ఖాతాలోకి వస్తుంది. ఇలాంటివి మీరే రిపోర్ట్ చేయాలని కూడా అంటారు. ఎఫ్‌ఎస్‌ఓ దగ్గరికి వెళ్లే ముందు లాయరుతో మాట్లాడండి, కానీ వెళ్లండి.

అన్నీ సరిగ్గా రాసినా ఒక్కోసారి స్టేట్‌మెంట్ ఆఫ్ రీజన్స్ అనే కాగితం వస్తుంది. "ఫలానా కారణాల వల్ల ఇవ్వలేకపోతున్నాం, ఏమంటారు?" అని. కాంట్రాక్టు కంపెనీ ఉద్యోగులైతే అందిన 20 రోజుల్లో, ఒక్కో ఆరోపణకీ విడివిడిగా జవాబివ్వాలి, కావాలంటే జడ్జి ముందు విచారణ అడగొచ్చు. ఆ విచారణలు చేసే ఆఫీసుని డోహా అంటారు, ఖతార్‌లో ఊరు కాదు. పేర్లు తీసేసి వాళ్ల తీర్పులు ఇంటర్నెట్‌లో పెడతారు. మీవాడి పరిస్థితికి దగ్గరగా ఉన్నవి అయిదారు చదివించండి, గెలిచినవీ ఓడినవీ కలిపి. నా పోస్టు కన్నా అవి మేలు. చదివేటప్పుడు ఒకటి గుర్తుంచుకోవాలి. క్లియరెన్స్ ఎవరికీ హక్కు కాదు, సందేహం మిగిలితే ఇవ్వకపోవడం వైపే మొగ్గాలి అని 1988లో ఈగన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. సందేహం లేకుండా చూసుకోవాల్సింది అప్లై చేసినవాడే.

చివరిగా మీకు. మీ పోస్టులో నాకు ఎక్కువ వినిపించింది కేసు భయం కాదు, "మా బంధువుల్లో తెలిస్తే" అన్న వాక్యం. తెలియదండీ. ఆ ఫారంలోని జవాబులు మీ బావగారికి చేరవు. కంపెనీ ఎఫ్‌ఎస్‌ఓకి ఫారం పూర్తయిందో లేదో చూసుకునే అవసరం ఉంటుంది గానీ, దాన్ని ఉద్యోగ వ్యవహారాల్లో వాడటానికి వీల్లేదు. ఇన్వెస్టిగేటర్ మీ పక్కింటివాళ్లని కలిస్తే "ఈ అబ్బాయి ఎలాంటివాడు, నమ్మొచ్చా?" అని అడుగుతాడు తప్ప, మీవాడు గంజాయి తాగాడటండీ అని చెప్పడు.

ఇంకో సంగతి. ఫారం నింపేటప్పుడు మీరు పక్కన కూర్చోకండి. తండ్రి పక్కనుంటే ముప్పై అని రాయాల్సినవాడు మూడు అని రాస్తాడు. అడ్రసులు, ఇండియా బంధువుల వివరాలు, పాత పాస్‌పోర్టు నంబర్లు ఒక కాగితం మీద రాసిచ్చి బయటికి వచ్చేయండి. 23వ సెక్షన్ అతన్నే రాసుకోనివ్వండి. పంపే ముందు మొత్తం ఫారం పీడీఎఫ్ దింపుకుని దాచుకోమనండి. ఇంటర్వ్యూ ముందు రోజు రాత్రి ఒకసారి చదువుకోవాలి, అయిదేళ్లకి మళ్లీ ఫారం అడిగినప్పుడు పక్కన పెట్టుకుని నింపాలి.